దేముడమ్మ చీరలు

పోయిన వారం దుర్గాలక్ష్మిని గవరపాలెంలోని ఆ రెండు గదుల ఇంట్లో, ట్రంకుపెట్టె ముందు వదిలేసి వచ్చేశాం. మూత మీద చెయ్యి వేసింది, తెరవలేదు. పెట్టెలో ఏముందో చెప్పకుండా ఆపేసినందుకు నన్ను తిట్టుకోనివాళ్లెవరైనా ఉంటే వాళ్లకి నా నమస్కారం.

మొదటిసారి చదువుతున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. దుర్గాలక్ష్మి ఆడపడుచు లోవలక్ష్మి. ఆడపడుచన్నది పేరుకే. లోవ చిన్నప్పుడే తల్లి దేముడమ్మ పోతే జడలేసి, అన్నం కలిపిపెట్టి, జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని పెంచింది దుర్గాలక్ష్మే. తనకి పిల్లల్లేరు, లోవే ఆమె పిల్ల. ఆ లోవకి పెళ్లయ్యాక రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచింది, కానీ డాక్టరమ్మ మంచం దిగొద్దంది. అప్పుడు లోవ తన తల్లి చీరలు ఆరు మూటగట్టి పంపింది. "వదినా, అమ్మ చీరల్తో నా బిడ్డకి బొంత కుట్టవా" అని అడిగింది. దుర్గాలక్ష్మి సరేనంది. సరేనని, కుట్టలేదు. బొంతలు ఎలా కుడతారో ఫోన్లో చూసింది. చూస్తూనే ఉంది. అడిగినప్పుడల్లా "అయిపోవచ్చిందమ్మా" అంది. ఒకసారైతే ఎక్కడో దొరికిన బొంత ఫొటో తనదేనని పంపించేసింది కూడా.

నిన్న తెల్లారగట్ల విశాఖ ఆస్పత్రిలో ఎనిమిదో నెలలోనే లోవకి ఆడపిల్ల పుట్టింది. పిల్లని గాజుపెట్టెలో పెట్టారు. దుర్గాలక్ష్మి మొగుడు మహేశ్వరరావు బెల్లం మార్కెట్లో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తాడు. వెళ్లినవాడు ఇవాళ పొద్దున్నే ఫోను చేసి చెప్పింది ఇంతే: "రేప్పొద్దున పిల్లని కాసేపు బయటికి తీసి తల్లి గుండెల మీద పడుకోబెడతారంట. పైన కప్పడానికి మెత్తటి పాత నూలుబట్ట తెచ్చుకోమన్నారు. లోవ అమ్మ బొంతే కావాలంటంది. ఉతికి ఎండేసి సాయంత్రానికి పట్రా."

దుర్గాలక్ష్మి "తెత్తన్నాను" అంది. అదీ కథ.

ఇక పెట్టె తెరుద్దాం. నిజానికి తెరిచింది దుర్గాలక్ష్మి కాదు. ఎలమంచిలి నుంచి పాసింజరు బండిలో దిగిన అప్పలనర్సమ్మ.

దేముడమ్మకి అక్క ఈవిడ. దుర్గాలక్ష్మికి పెద్దత్త. పెళ్లయిన రెండో ఏడే మొగుడు పోతే పుట్టింటికొచ్చి చెల్లెల్ని పెంచింది, చెల్లెలు పోయాక అప్పుడప్పుడూ వచ్చి లోవని చూసింది. గొంతు పెద్దది, మనసు దానికంటే పెద్దది, ఓర్పు మాత్రం ఆవగింజంత. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలెట్టింది.

"ఒలే దుర్గా! ఏటే అలగ పెట్టె ముందు కూకున్నావు, దొంగోడొత్తాడనా? లెగు లెగు. మా సెల్లి సీరలు బొంతయ్యేక ఎలగున్నాయో సూద్దారని తెల్లారకుండా బయల్దేరొచ్చేను. సూపించు."

"పెద్దత్తా, ముందు టీ తాగు."

"టీ ఎక్కడికి పోతాది? ముందు బొంత సూపించు."

"ఇంకా కొంచెం పనుంది పెద్దత్తా..."

"అంచు కుట్టాలేటి? నానూ ఓ సెయ్యేత్తాను, పద" అని ఆవిడ వంగి మూత ఎత్తేసింది.

పెట్టె నిండా ముక్కలు. అరచెయ్యంత మూడుకోణాల ముక్కలు, రంగురంగులవి, వందలకొద్దీ. అన్నిటికీ అంచులమ్మట దారాలు ఊడి వేలాడుతున్నాయి.

అప్పలనర్సమ్మకి ముందు అర్థం కాలేదు. ఓ గుప్పెడు తీసి వెలుతురులో పెట్టి చూసింది. ఆకుపచ్చ ముక్క మీద పసుపు మరక ఒకటుంది. దాన్ని బొటనవేలితో రాసింది. రాస్తూ రాస్తూ కింద కూలబడిపోయింది.

"ఇది లోవ బారసాలకి కట్టుకుంది గదే" అంది. గొంతు ఇంత చిన్నదైపోయింది. "ఇది మా సెల్లి సీర గదే."

"అవును."

"ఆరూ కోసేసేవా?"

"ఆరూ."

ఇక్కడ నేను ఒక నిమిషం ఆగాలి. ఎందుకంటే ఈ సంగతి తెలిసినవాళ్లకి ఇప్పటికే ఒళ్లు జలదరించి ఉంటుంది, తెలియనివాళ్లు ముక్కలైతే ఏమైందని అనుకుంటూ ఉంటారు. మన బొంతకి కత్తెర పెట్టరండీ. చీరని నిండుగా పరుస్తారు, మడతేస్తారు, దానిమీద ఇంకోటి పరుస్తారు, నాలుగు మూలలా బరువులు పెట్టి అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి అరిగిన చీరకి బలమంతా నిండుగా ఉండటంలోనే ఉంది. కోశారా, ఏ పోగుకాపోగు విడిపోతుంది. ఫోన్లో చూపించేది వేరే దేశాల పద్ధతి. వాళ్లు కొట్లోంచి కొత్తబట్ట తెచ్చి, చిన్నచిన్న ముక్కలు కోసి, నక్షత్రాలుగా కుడతారు. కొత్తబట్టకి అది చెల్లుతుంది. దుర్గాలక్ష్మి ఆ నక్షత్రాన్ని చూసి మోజుపడింది. అట్ట మీద పరిచి కోసే చక్రం కత్తి ఒకటి ఫోన్లోనే తెప్పించుకుంది. ఒక మధ్యాహ్నం కూర్చుని చచ్చిపోయిన అత్తగారి చీరలు ఆరూ చకచకా కోసేసింది. ఆ గుట్టని ఫొటో తీసి నలుగురూ చూసేలా ఫోన్లో పెట్టింది కూడా. మర్నాడు సూది పట్టుకుంటే తెలిసింది, కుట్టు పడ్డచోటల్లా బట్ట ఊడొస్తోందని.

అక్కడైనా ఎవరికైనా చెప్పాలి కదా! చెప్పలేదు. దీనికి మందు కూడా ఫోన్లోనే దొరుకుతుందని వెతకడం మొదలెట్టింది. పొద్దున్న పని ముగించి సూదిలో దారం ఎక్కించడం, కుట్టేముందు ఒక్కటంటే ఒక్క వీడియో చూద్దామనుకోవడం, ఒక్కటి కాస్తా పదవడం, పాలవాడు వచ్చి తలుపు కొడితే గాని తెలివి రాకపోవడం. దారం ఎక్కించిన సూది గోడకున్న క్యాలెండరుకి గుచ్చిన చోటే ఉండిపోయేది. మనలో మాట, ఆవిణ్ణి అనడానికి ముందు మనమెన్ని వంటలు చూశాం, ఎన్ని వండాం?

"దిక్కుమాలినదానా!" అప్పలనర్సమ్మ గొంతు తిరిగొచ్చింది. "నీ సేతులు ఇరగ! మా సెల్లి పసుపు కుంకాల్తో పోయిందని, ఆ సీరలు సల్లనివని, ఏరి ఏరి దాచేం గదే! ఈది పిల్లలు అడిగితే ఇవ్వనేదు, పండగకి అడిగితే ఇవ్వనేదు. నీకిత్తే పకోడీ పొట్లానికి సింపినట్టు సింపేసేవు!"

"నేను మంచికే అనుకున్నాను పెద్దత్తా."

"ఎవల మంచికే? బొంత ఎలగ కుట్టాలో అడగడానికి నీకు నోరు నేదా?"

అంతవరకూ తల దించుకున్న దుర్గాలక్ష్మి తలెత్తింది. ఇంత జరిగాక నోరెత్తకూడదని దానికీ తెలుసు. కానీ ఏళ్లుగా గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది.

"అడిగేను పెద్దత్తా. కాపురానికొచ్చిన కొత్తలో అత్తనే అడిగేను. నీ చేతిలో సూది నిలవదు, నువ్వు అంట్లు తోముకో అంది. నువ్వూ పక్కనే ఉన్నావు, నవ్వేవు. మా అమ్మ దగ్గర నేర్చుకుందామంటే ఆవిడకీ రాదు. మరి నేనెవరినడగాలి? ఫోన్లో ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ ముక్కల ఫొటో పెడితే ఎక్కడెక్కడివాళ్లో బాగుందన్నారు, బంగారు చేతులన్నారు. నా చేతులు బాగున్నాయని అంతకుముందు ఎవరైనా అన్నారా ఈ ఇంట్లో?"

అప్పలనర్సమ్మ చేతిలోని ముక్క కేసి చూసింది. నవ్విన సంగతి గుర్తొచ్చిందో ఏమో. కానీ ఆవిడ అలా ఊరుకునే మనిషి కాదు.

"బాగుందన్నోల్లు వచ్చి కుట్టేరేటే?" అంది.

దుర్గాలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయింది. ఇప్పుడు కూడా! చీరలు ముక్కలై, పెద్దత్త నేలమీద కూలబడి, సాయంత్రానికి బొంత లేక ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియని ఈ గడియలో కూడా, దాని బొటనవేలు తెరమీద తోసుకుంటూ పోతోంది. పాతబట్ట ముక్కలు ఊడకుండా కుట్టడం ఎలా. తెరమీద ఎవరో దొరసాని నవ్వుకుంటూ కుట్టేస్తోంది. వెనక సంగీతం.

"ఎట్టూ లోవ నా కడుపున పుట్టలేదు కదా" అని ఉన్నట్టుండి ఏడ్చేసింది దుర్గాలక్ష్మి. "అందుకే ఇలా చేసేను అనుకుంటారు పెద్దత్తా. సొంతపిల్లయితే కుట్టుండును అంటారు. నేను దానికి ఏటి చెప్పను? నూకాలమ్మ తల్లీ, ఏటి చెప్పను నేను?"

ఫోను చాప మీద పడేసింది. దొరసాని ఇంకా నవ్వుతూనే ఉంది. దుర్గాలక్ష్మి ఏం చేస్తోందో తనకే తెలియనట్టు ముక్కలన్నీ దోసిళ్లతో ఎత్తి, పక్కనున్న ఖాళీ తలగడ గలీబులో కుక్కడం మొదలెట్టింది. దాచేద్దామనా, కనబడకుండా చేసేద్దామనా, అదేం ఆలోచించుకోలేదు. సగం నిండాక పైనుంచి అరచేత్తో నొక్కింది. మెత్తగా దిగింది. ఇంకోసారి నొక్కింది. గలీబు మీదే చెంప ఆనించి చూసింది.

"పెద్దత్తా."

"నాతో మాటాడకు."

"పెద్దత్తా, ఓసారి చెయ్యెట్టు. ఇవి పైన నిలవవుగానీ లోపలుంటాయి. పైన ఒక నిండు చీర, కింద ఒక నిండు చీర మడత, మధ్యలో ఇవి పరిచేసి దగ్గరదగ్గరగా కుట్టేద్దాం. అత్త చీరలు లోపలుంటాయి. పసిపిల్లకి ఎంత బొంత కావాలి, ఇంతే కదా. ఇద్దరం కూర్చుంటే సాయంత్రానికి అయిపోద్ది."

అప్పలనర్సమ్మ మొహం తిప్పుకునే చెయ్యి చాపింది. నొక్కింది. మొహం ఇటు తిరిగింది.

"నిండు సీర ఏదీ?" అంది.

దుర్గాలక్ష్మి బీరువా తలుపు తీసింది. అన్నీ సింథటిక్ చీరలు. ఉతికితే నలగనివి, ఇస్త్రీ అక్కర్లేనివి, పువ్వులు పువ్వులవి. పట్టుచీర ఒకటి. పాత నూలుచీర అన్నది మచ్చుకైనా లేదు. ఈ రోజుల్లో ఎవరింట్లో ఉంది కనక! కొట్లో కొత్తది కొందామంటే పురిటిబిడ్డకి కొత్తబట్ట వెయ్యరు, పైగా గంజికి గరగరలాడుతుంది. ఇరుగుపొరుగునడిగి ఎవరో కట్టి విడిచింది పసిగుడ్డు మీద కప్పడానికి పెద్దత్త ఒప్పుకోదు. దుర్గాలక్ష్మి బీరువా దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. చూపు పెద్దత్త ఒంటి మీద ఆగింది.

లేత బూడిదరంగు నేతచీర. ఉతికి ఉతికి రంగు సగం పోయి, వెన్నలా మెత్తబడ్డది.

"నా సీరా?" అప్పలనర్సమ్మ కొంగు లాక్కుంది. "నోర్ముయ్యి! ఇంకోపాలి ఆ మాటనకు."

"పెద్దత్తా..."

"నా బతుకు తెలిసీ అడుగుతావేటే? లోవ అత్త కుమారి ముందే సెప్పింది గదా, ముత్తైదువ సీరలయితేనే పుట్టబోయే బిడ్డ మీద ఎయ్యనిత్తాను, నేపోతే ఒద్దని. అందుకే గదా మా సెల్లియి ఏరి పంపేం. ఈ పిల్ల ముందే అంతంతమాత్రంగా ఉంది. నా సీర కప్పేక దానికేదైనా అయితే? ఊరంతా నన్నే అంటాది. ఊరు సంగతి సరే, నానే అనుకుంటాను. సచ్చీదాకా అనుకుంటాను."

దుర్గాలక్ష్మికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడే ఫోను మోగింది. వీడియో కాలు. లోవలక్ష్మి.

ఎత్తకపోతే బాగుండునని దానికి ఎంతుందో! కానీ ఎత్తింది. తెరమీద లోవ మొహం పాలిపోయి ఉంది. చేతికి సెలైను సూది ఉండటంతో ఫోను నర్సు పట్టుకుంది.

"వదినా, మా అత్త మందులకి కిందకెళ్లింది. వచ్చేలోపు ఒక మాట చెప్పాలి. బొంత కుట్టలేదు కదూ?"

దుర్గాలక్ష్మి గలీబుని తెరకి కనబడకుండా పక్కకి తోసింది.

"నువ్వు పంపిన ఫొటో నీది కాదని నాకెప్పుడో తెలుసు వదినా. మంచం మీద పడుకుని నేను మాత్రం చేసేదేటి, నేనూ ఫోనే చూసేను. ఆ బొంత నాకూ వచ్చింది. ఎవరో ఫారినావిడ మంచం మీదుంది."

"మరడగలేదేమే తల్లీ?"

"అడిగితే నువ్వు సిగ్గుపడి గబగబా కుట్టేస్తావని." లోవ ఊపిరి తీసుకుంది. "రెండుసార్లు పోయింది కదా వదినా. ఈసారీ పోతే, కుట్టిన బొంత ఇంట్లో ఉండిపోద్ది. దాన్ని ఏటి చేసుకుందును? ఎక్కడ దాచుకుందును? నువ్వు కుట్టటం లేదని తెలిసి నాకు కొంచెం ధైర్యంగానే ఉండేది."

దుర్గాలక్ష్మి రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నాకూ అదే భయం కాబోలే లోవా. సూది పట్టుకుంటే చేతులు ఆడేవి కావు."

"భయం పావలా, బద్ధకం ముప్పావలా" అని గొణిగింది వెనక నుంచి అప్పలనర్సమ్మ. అంటూ అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు పుట్టింది వదినా. నిన్న నావైపే చూసింది. ఇప్పుడు నాకు బొంత కావాలి. అమ్మ చీరలు పరిచి పైపైన నాలుగు కుట్లేసినా చాలు, పట్రా."

ఇక తప్పించుకునే దారి లేదు. దుర్గాలక్ష్మి చెప్పేసింది. కోసిన సంగతి, ఆరూ కోసిన సంగతి, ఒక్కటీ నిలవని సంగతి. చెబుతున్నంతసేపూ తెర వైపు చూడలేదు. చెప్పడం అయ్యాక చూసింది. లోవ ఏడవటం లేదు. ఏడ్చినా బాగుండేది. దవడ బిగించి పైకప్పు కేసి చూస్తోంది.

"ఒక్కటైనా ఉంచకపోయేవా వదినా" అంది చివరికి. "వాసన చూసుకోడానికి ఒక్కటి."

ఆ మాటకి దుర్గాలక్ష్మి ప్రాణం చివుక్కుమంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. గలీబు తెరకి చూపించి, లోపల పెట్టి కుట్టే సంగతి చెప్పింది. నిండు చీర దొరకని సంగతీ చెప్పింది. పెద్దత్త వద్దన్న సంగతి కూడా చెప్పింది.

"పెద్దమ్మకియ్యి ఫోను."

అప్పలనర్సమ్మ ఫోనుని అద్దంలా రెండు చేతులతో మొహానికెదురుగా పట్టుకుంది.

"పెద్దమ్మా, నువ్వొచ్చిన రోజుల్లో నాకు జొరమొస్తే ఎవరి కొంగు కప్పుకుని పడుకునేదాన్ని?"

"అది యేరమ్మా. నువ్వు గట్టిపిల్లవి."

"అప్పుడు నాకేటైనా అయ్యిందా?"

ఆవిడ ఫోను మెల్లిగా చాప మీద వెల్లకిలా పెట్టి, లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

తలుపు తెరుచుకునేసరికి, ఎప్పుడూ నేతచీర తప్ప కట్టని అప్పలనర్సమ్మ దుర్గాలక్ష్మి సింథటిక్ చీరలో ఉంది. గులాబీ పువ్వులు, మెరుపు అంచు. ఇంకో రోజైతే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఆవిడ చేతిలో బూడిదరంగు నేతచీర మడతపెట్టి ఉంది. చింపకుండా సగానికి మడతేస్తే పైకీ కిందికీ అదే సరిపోతుంది. దుర్గాలక్ష్మి అందుకోబోయింది. ఆవిడ వదల్లేదు.

"ముందు నాకు మాటియ్యి."

"ఏటి పెద్దత్తా?"

"ఇది కూడా మా సెల్లి సీరేనని సెప్పు. లోవకి తప్ప, ఆల అత్తకి గానీ, మహేసుకి గానీ, ఎవలికీ ఇది నాదని తెలీకూడదు. నువ్వు సచ్చీదాకా తెలీకూడదు."

"పెద్దత్తా, ఒక అబద్ధం ఇప్పుడే కదా కక్కేను. మళ్లీ ఇంకోటా? ఈ నోటితోనా?"

"అయితే సీర నేదు."

చీరకి ఒక కొస ఆవిడ చేతిలో, ఇంకో కొస ఈమె చేతిలో. గలీబులో దేముడమ్మ ముక్కలు. విశాఖలో గాజుపెట్టెలో పిల్ల. దుర్గాలక్ష్మి కళ్లు మూసుకుంది. మాట ఇస్తేనే బొంత, లేకపోతే లేదు. చెయ్యి చాపి పెద్దత్త చేతి మీద పెట్టబోయింది.

"ఎవరిదని తెలీకూడదు, వదినగారూ?"

గొంతు నేల మీద నుంచి వచ్చింది. ఇద్దరూ ఒక్కసారి కిందికి చూశారు. అప్పలనర్సమ్మకి ఫోను పట్టుకుని మాట్లాడటం వచ్చుగానీ, కట్ చెయ్యడం రాదు. చాప మీద తెర వెలుగుతూనే ఉంది. నర్సు లేదు, లోవ లేదు. తెర నిండా లోవ అత్తగారు కుమారి మొహం. వెనకెక్కడో లోవ గొంతు, "అత్తయ్యా, ఫోనిటివ్వండి" అని బతిమాలుతోంది.

కుమారి ఆ గొంతు వినిపించుకోలేదు. అప్పలనర్సమ్మ వైపు కూడా చూడలేదు.

"దుర్గా," అంది, "ఆవిడ చెప్పదు. నువ్వు చెప్పు. రేపు నా మనవరాలి మీద కప్పేది ఎవరి చీర?"